ఎనభై అయిదు, కింద పదమూడు జంట గీతలు

స్కూలు బ్యాగులు కుట్టే ఆ ఫ్యాక్టరీలో గడియారం సారు వస్తున్నాడంటే కళ్ళు మూసుకుని కూడా చెప్పొచ్చు. మిషన్ల చప్పుడు తగ్గిపోతుంది. కుట్టేవాళ్ళు దారం సర్దుకుంటారు, గుడ్డ అటూ ఇటూ తిప్పి చూస్తారు, లేని పోగు కోసం వెతుకుతారు. ఆయన దాటి వెళ్ళగానే చప్పుడు మళ్ళీ మొదటికొస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన విన్నది ఆ తగ్గిన చప్పుడే. తను లేనప్పుడు ఆ హాలు ఎలా మోగుతుందో ఆయన ఎన్నడూ వినలేదు.

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరు పట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది. అందరికీ గడియారం సారే. మెడలో తాడుకి స్టాప్‌వాచ్, చంకలో అట్ట, అట్టకి క్లిప్పుతో బిగించిన కాగితం. ఒక్కో మిషన్ పక్కన నిలబడి ఒక్కో పనికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలవడం ఆయన ఉద్యోగం. ఆ సెకన్లని బట్టే రోజుకి ఎన్ని బ్యాగులు కుట్టాలో టార్గెట్ తేలుతుంది. ఆయన నిలబడ్డప్పుడు చేతి చలాకీ చూపిస్తే రేపటినుంచి అదే మెడకి చుట్టుకుంటుంది. కాబట్టి బుద్ధున్నవాళ్ళెవరూ చూపించరు.

మరి కొలిచేవాళ్ళు తక్కువ తిన్నారా? తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. వాళ్ళ కాగితంలో సెకన్ల గడుల పక్కన ఇంకో గడి ఉంటుంది. ఈ మనిషి నిజంగా ఎంత జోరుమీద చేస్తున్నాడో కంటితో చూసి అంచనా కట్టి అందులో రాయాలి. మామూలు జోరైతే నూరు. నిదానం నటిస్తుంటే తొంభై, లేదా ఎనభై అయిదు. మామూలుని మించితే నూట పది, నూట ఇరవై కూడా రాయొచ్చని పుస్తకంలో ఉంది. గడియారం సారు మాత్రం అలా ఎవరికీ ఎప్పుడూ రాయలేదు. అంకె తగ్గితే సెకన్లు తగ్గుతాయి, టార్గెట్ పెరుగుతుంది. వాచీ చెప్పిన సెకన్లని ఆ అంకె ప్రకారం దిద్ది, దాహానికి, తెగే దారానికి, వాచే మణికట్టుకి కాస్త విడుపు కలిపితే టార్గెట్ వస్తుంది. అంటే అంత పెద్ద ఫ్యాక్టరీ లెక్క చివరికి ఒక మనిషి కంటిచూపు మీద నిలబడి ఉంది. ఈ సంగతి వింటే నాకైతే నవ్వొస్తుంది, ఆయనకి ఎప్పుడూ రాలేదు.

ఇంటి దగ్గరా అంతే. పెళ్ళైన కొత్తలో ఒకరోజు భార్య ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన నిలబడి వాచీ నొక్కాడు. కత్తిపీట కుడివైపుకి జరుపుకుంటే నిమిషానికి ఏడు సెకన్లు కలిసొస్తాయని చెప్పాడు. మంచి మాటే చెప్పాననుకున్నాడు పాపం. ఆవిడ పదహారు నెలలు కాపురం చేసి వాళ్ళ అన్నగారింటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. ఉల్లిపాయల వల్లే వెళ్ళిందని ఎవరూ అనరు. అయితే ఆ తర్వాత ఆ ఇంట్లో కత్తిపీట కుడివైపునే ఉండిపోయింది, తరిగే చెయ్యి ఆయనదే అయింది. మేడమీద రెండు గదులు, ఒక కిటికీ, కిటికీ కింద ఒక కుర్చీ. రెండో కుర్చీ అవసరమని ఆయనకి తోచలేదు, ఎందుకంటే ఎవరూ వచ్చి కూర్చోలేదు.

క్యాంటీన్లో కూడా ఆయనకి చివరి బల్లే. ఆయన డబ్బా పట్టుకుని ఏ బల్ల దగ్గరికెళ్ళినా అక్కడి కబుర్లు ఠక్కున ఆగిపోయేవి. ఎవరూ పొమ్మని అనేవాళ్ళు కాదు, అందరూ గబగబా తినేసి లేచేవాళ్ళు. నాలుగుసార్లు అలా అయ్యాక ఆయనే చివరి బల్ల చూసుకున్నాడు. అక్కడ కూర్చుని గోడకేసి చూస్తూ తినడం అలవాటైపోయింది.

అలాంటి మనిషితో రోజుకొక మాట మాట్లాడేది ఒక్కతే, జిప్పమ్మ.

రెండో లైనులో బ్యాగుకి పెద్ద జిప్పు కుట్టేది ఆవిడ. ఆ పని మీదే పేరు కూడా వచ్చింది. చేరిన మొదటి వారంలో, ఈయనెవరో తెలియక, "అన్నయ్యా, మంచినీళ్ళు ఎక్కడ?" అని అడిగింది. పక్కవాళ్ళు మోచేత్తో పొడిచి ఆయనెవరో చెప్పారు.

"అయితే ఏం? మెళ్ళో వాచీ ఉంటే అన్నయ్య కాకుండా పోతాడా?" అని నవ్వేసింది.

ఆ రోజునుంచి పదకొండేళ్ళుగా, మధ్యాహ్నం చెయ్యి కడుక్కుని చివరి బల్ల పక్కగా వెళ్తూ, "అన్నయ్యా, తిన్నారా?" అనేది. ఆయన తల ఊపేవాడు. అంతకుమించి మాటల్లేవు. కానీ ఆదివారం నాడు ఒంటిగంటకి ఆయన తన గదిలో కంచం ముందు కూర్చుని, ఏదో తక్కువైనట్టు తలెత్తి తలుపువైపు చూసేవాడు. ఏం తక్కువైందో ఆయనకి తెలుసు.

ఇంతా చేసి, ఆ జిప్పమ్మకి ఫ్యాక్టరీలో మంచి పేరు లేదు. పద్నాలుగు మిషన్ల లైనులో ఆవిడది ఆరోది. అయిదో మిషన్ దాకా పని ఏరులా పారి వచ్చేది, ఆవిడ ముందుకొచ్చి గుట్ట పడేది. ఏడో మిషన్ మనిషి చేతులు కట్టుకుని కూర్చునేది. ఏ లైనైనా అందులో అందరికన్నా నిదానమైన చేతిని బట్టే నడుస్తుంది, ముందున్నవాళ్ళు ఎంత ఉరికినా గుట్ట పెరుగుతుందే తప్ప బ్యాగు పెరగదు. రోజుకి ఆవిడ టార్గెట్ నాలుగువందల యాభై ఏడు. ఆవిడ చేసేది నాలుగువందల పాతిక. పోరాడితే నాలుగువందల ముప్పై.

"ఇంకా ఎంతసేపమ్మా? నీ ఒక్కదాని వల్ల పదమూడు మంది ఆగుతున్నారు!" అని సూపర్‌వైజర్ రోజూ అరిచేవాడు. ఆవిడ తలెత్తేది కాదు. లేచి వెళ్ళాల్సి వస్తుందని మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు ముట్టేది కాదు. మణికట్టుకి గుడ్డ చుట్టుకుని కుట్టేది. గడియారం సారు ఇదంతా చూస్తూనే ఉండేవాడు. పాపం, చెయ్యి నిదానం, మనసు మంచిది, అనుకునేవాడు.

ఆ వానాకాలంలో కొత్త మేనేజర్ వచ్చాడు. వయసులో చిన్నవాడు, ఎవరినీ కసరడు, అందరినీ అండీ అంటాడు. కసిరేవాళ్ళతో ఎలా బతకాలో ఆ ఫ్యాక్టరీకి తెలుసు, ఈ మెత్తని మనిషిని చూస్తేనే అందరికీ గుబులు. నాలుగు లైన్లు మూడు చేస్తామని, టార్గెట్ తక్కువసార్లు అందుకున్న ఏడుగురిని పంపించేస్తామని చెప్పాడు. జాబితా తయారైంది. మొదటి పేరు జిప్పమ్మది. పదకొండేళ్ళలో ఆవిడ టార్గెట్ అందుకున్న రోజులు తొమ్మిది.

"ఏడుగురి టార్గెట్లూ మీరు కట్టినవే కదండీ. పాత కాగితాలు జతచేసి, సరిగ్గానే ఉన్నాయని ఒక సంతకం పెట్టివ్వండి" అన్నాడు మేనేజర్.

గడియారం సారు పాత కాగితాల గదిలో బీరువా తెరిచి, రెండో లైను కట్ట దులిపి విప్పాడు. లైనంతటికీ ఒకటే కాగితం, మిషన్‌కొక వరస, జిప్పమ్మ చేరిన కొత్తలోది. అందులో జిప్పు వరస దొరికింది. తన రాతే. ముప్పై సార్లు కొలిచిన సెకన్లు వరసగా ఉన్నాయి. అరవై నాలుగు. అరవై నాలుగు. అరవై మూడు. అరవై అయిదు. అరవై నాలుగు.

ఆయన స్టూలు లాక్కుని కాగితాన్ని వెలుతురువైపు తిప్పాడు.

నిదానం నటించేవాళ్ళ అంకెలు అలా ఉండవు. ఒకసారి డెబ్బై, ఒకసారి ఎనభై రెండు, మరిచిపోయినప్పుడు అరవై. నటన నిలకడగా చెయ్యడం ఎవరి తరమూ కాదు, ఈ పనిలో మొదటి ఏడాదే తెలిసే సంగతి అది. ముప్పై సార్లూ ఒక్కలా వచ్చాయంటే ఆ మనిషి తన మామూలు జోరులో ఉన్నదున్నట్టు కుట్టిందన్నమాట. వేరేచోట ఆరేళ్ళు జిప్పులు కుట్టి వచ్చిన చెయ్యి, ఇక్కడి ఎత్తులు ఇంకా తెలియని మనసు. ఆ గడిలో నూరు ఉండాలి.

గడిలో రెండు చిన్న గీతలున్నాయి. పైదే, అని అర్థం. ఆయన వేలు పైకి వెళ్ళింది. దాని పైనా రెండు గీతలే. ఆ పైనా అంతే. అన్నిటికన్నా పైన, మొదటి మిషన్ దగ్గర, ఎనభై అయిదు. దాని కింద పదమూడు జంట గీతలు, ఒకే సిరాతో, ఒకే ఊపులో. ఆయనకి ఆ పొద్దు గుర్తొచ్చింది. హాల్లో అడుగు పెట్టకముందే, బల్ల దగ్గర టీ తాగుతూ గీసుకున్న గీతలవి. ఎలాగూ అందరూ నటిస్తారు కదా అని! మనిషిని చూడకుండానే మనిషికి వెల కట్టేశాడు.

కాగితం వెనక్కి తిప్పి లెక్క మళ్ళీ కట్టాడు. నూరుతో కడితే జిప్పుకి అరవై మూడు సెకన్లు కాదు, డెబ్బై నాలుగు. రోజుకి నాలుగువందల యాభై ఏడు కాదు, మూడువందల ఎనభై తొమ్మిది. ఇన్నేళ్ళూ ఆవిడ రోజూ చెయ్యాల్సినదానికన్నా ముప్పై ఆరు ఎక్కువే చేస్తూ, తక్కువ చేస్తోందని తిట్లు తింటూ వచ్చింది. లైను ఆగింది ఆవిడ వల్ల కాదు. జిప్పు దగ్గర ఇంకో మిషన్ వెయ్యాల్సింది, ఈ కాగితం అక్కర్లేదని చెప్పింది.

అప్పుడే లేచివెళ్ళి చెప్పేస్తే సరిపోయేది. మేనేజర్‌కి చెప్పాడు, కాదనను. కానీ సగమే చెప్పాడు. "జిప్పు లెక్క మీద నాకు కాస్త అనుమానంగా ఉందండీ, మళ్ళీ కొలుస్తాను" అన్నాడు. జిప్పమ్మకి మాత్రం చెప్పలేదు. ఉద్యోగం ఇంకో ఏడాదిలో ఎలాగూ అయిపోతుంది, దానికి కాదు ఆయన భయం. ఈ సంగతి తెలిశాక ఆవిడ రేపు మధ్యాహ్నం చివరి బల్ల పక్కగా ఎలా వెళ్తుంది? ఏమని పిలుస్తుంది? అన్నం లేకపోయినా ఉండగలడు, ఆ ఒక్క పిలుపు లేకుండా ఎలా ఉండాలో ఆయనకి తెలియలేదు. ఆవిడకి తెలియకుండానే లెక్క సరిచేసేస్తే పామూ చావదు, కర్రా విరగదు అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ "అన్నయ్యా, తిన్నారా?" అంటే మొదటిసారి తల ఊపి ఊరుకోకుండా, "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నాడు. ఆవిడ ఆశ్చర్యంగా ఆగింది.

"రేపు నీ పని మళ్ళీ కొలుస్తాం. మేనేజర్ కూడా వస్తాడు. హడావుడి పడకు. రోజూ ఎలా చేస్తావో అలా చెయ్యి, చాలు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. జాబితా సంగతి హాలంతా పాకిపోయే ఉంది.

"నా కోసం మీరు మాట పడుతున్నారా అన్నయ్యా?"

"అదేం లేదు."

"మీ పరువు తియ్యనులెండి" అని నవ్వి వెళ్ళిపోయింది. ఆయన డబ్బా మూత పెట్టేశాడు.

మర్నాడు పది గంటలకి మేనేజరూ ఆయనా వెళ్ళి ఆరో మిషన్ పక్కన నిలబడ్డారు. చుట్టూ ఎప్పట్లాగే చప్పుడు తగ్గింది. ఒక్క మిషన్ మాత్రం పెరిగింది. ఆయన వాచీ నొక్కాడు. యాభై ఆరు. యాభై అయిదు. యాభై అయిదు. యాభై నాలుగు. ఆవిడ భుజాలు చెవులదాకా లేచాయి. పెదవులు బిగించి, ఊపిరి బిగబట్టి కుడుతోంది. తన బతుకులో మొట్టమొదటిసారి ఆయన ఒక కార్మికురాలు నిదానించాలని మొక్కుకున్నాడు. ఒక్క దారమైనా తెగకూడదా అనుకున్నాడు. దారం తెగలేదు.

ముప్పై అయ్యాయి. మేనేజర్ పక్కనే నిలబడి ఫోన్లో లెక్క కట్టాడు. "సగటు యాభై అయిదు. విడుపు కలిపితే అరవై మూడు. అంటే మీ పాత అంకేనండీ! అనవసరంగా అనుమానపడ్డారు."

ఇదిగో, ఇక్కడ ఆయన ముందు దారి రెండుగా చీలింది. తప్పు తప్పు కాదని వాచీయే చెప్పేసింది. ఒక్క సంతకం పెడితే పరువు దక్కుతుంది, కానీ ఆవిడ పని పోతుంది. పోతూ పోతూ ఆవిడ "వస్తానన్నయ్యా" అనే పోతుంది. మళ్ళీ తప్పించుకుందామని చూశాడాయన.

"ఆ జోరు మామూలు జోరు కాదండీ. ఆ గడిలో నూట పదిహేను పడాలి" అన్నాడు మేనేజర్‌తో.

"మీరు ఇంతవరకు ఎవరికీ నూరు దాటి రాయలేదే?" మేనేజర్ మెత్తగానే అడిగాడు. తర్వాత జిప్పమ్మ వైపు తిరిగాడు. "రోజంతా ఇలా కుట్టగలరా అమ్మా?"

"కుడతానండి" అంది ఆవిడ రొప్పుతూ. "ఇంతకాలం నా చేతకానితనం. ఇకనుంచి కుడతాను. అన్నయ్యనేమీ అనకండి."

ఆయన చెయ్యి చాచి ఆమె మిషన్ స్విచ్ ఆపేశాడు. ఆ పని ఆయన ఎన్నడూ చేసినవాడు కాదు. పక్క మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అంత హాల్లోనూ ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు.

"నీ చేతకానితనం కాదమ్మా" అన్నాడు. "నువ్వు చేరిన కొత్తలో నిన్ను కొలిచాను చూడు, అప్పుడు నువ్వు నటించలేదు. ఉన్నదున్నట్టు కుట్టావు. నేనే నీ మొహం కూడా చూడకుండా, అందరిలాగే నటిస్తావని ముందే రాసేసుకున్నాను. ఎనభై అయిదు. దాంతో నీ టార్గెట్ మనిషి అందుకోలేని చోట పడింది. నీ అసలు టార్గెట్ నాలుగొందలు కూడా లేదు. నువ్వు రోజూ దాటుతూనే ఉన్నావు."

"అంటే... నా చెయ్యి నిదానం కాదా?"

"కాదు."

"మొదటినుంచీనా?"

"మొదటినుంచీ."

ఆవిడ చేతిలో ఉన్న బ్యాగు గుట్ట మీద పెట్టింది. మణికట్టుకి చుట్టుకున్న గుడ్డ విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"వాళ్ళు తిడుతుంటే తిట్టారులే అనుకునేదాన్ని అన్నయ్యా" అంది చివరికి, చాలా నెమ్మదిగా. "కానీ నేను పనికిమాలినదాన్నని నాకు నేనే నమ్మేశాను. ఇంట్లో కూడా ఏ పని ముట్టుకున్నా, నేను చేస్తే ఆలస్యమవుతుందిలే అని మా అమ్మాయికి వదిలేసేదాన్ని. పదకొండేళ్ళు."

తిట్టి ఉంటే ఆయనకి కాస్త తెరిపిగా ఉండేది. ఆవిడ స్విచ్ వేసుకుని తర్వాతి బ్యాగు అందుకుంది. ఆయన అక్కడే నిలబడి కాగితం మీద నూట పదిహేను రాసి, కింద పాత తప్పు సంగతంతా నాలుగు వాక్యాల్లో రాసి, సంతకం పెట్టాడు.

మేనేజర్ గోల చెయ్యలేదు. ప్రతి నెలా సరుకు ఎందుకు ఆలస్యమవుతోందో ఇన్నాళ్ళకి తెలిసినందుకు సంతోషించాడేమో కూడా. జాబితాలోంచి మొదటి పేరు కొట్టేశాడు. మిగతా ఆరుగురి కాగితాలూ గడియారం సారు విప్పి చూశాడు. వాళ్ళ అంకెలు డెబ్బై, తొంభై, అరవై అని గెంతుతూనే ఉన్నాయి. వాళ్ళు వెళ్ళిపోయారు. జిప్పు దగ్గర రెండో మిషన్ వచ్చింది. గుట్ట కరిగింది. సూపర్‌వైజర్‌కి అరవడానికి ఏమీ దొరక్క నాలుగు రోజులు తోచలేదు.

స్విచ్ ఆపిన మర్నాటి మధ్యాహ్నం ఆయన చివరి బల్ల దగ్గర డబ్బా మూత తీయకుండా కూర్చున్నాడు. ఆవిడ చెయ్యి కడుక్కుని అటువైపే వచ్చింది, ఎందుకంటే వేరే దారి లేదు.

"నమస్తే సార్" అంది, దాటి వెళ్ళింది.

కోపంగా అనలేదు. అందరూ అనే మాటే అంది. ఆయన మూత తీసి తిన్నాడు. ఆ ఆదివారం తలుపువైపు చూడకూడదని కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఇంట్లో కూర్చుని ఏడ్చాడు.

రెండు మిషన్లయ్యాయి కాబట్టి జిప్పు పనికి కొత్త కాగితం రాయాల్సి వచ్చింది. మూడో వారంలో ఆయన అట్ట పట్టుకుని ఒంటరిగా వెళ్ళి ఆరో మిషన్ పక్కన నిలబడ్డాడు. ఈసారి గడులన్నీ ఖాళీగా ఉంచుకుని వెళ్ళాడు. ఆవిడ తలెత్తి ఒకసారి చూసింది. దారం సర్దుకుంది. గుడ్డ అటూ ఇటూ తిప్పి చూసింది. ఆయన వాచీ నొక్కాడు.

డెబ్బై ఒకటి. ఎనభై మూడు. అరవై ఎనిమిది. ఎనభై. లేని పోగేదో వెతికి తుంచింది. డెబ్బై ఆరు.

ముప్పై సార్లూ ఆయన కళ్ళు ఆవిడ చేతుల మీదనుంచి కదల్లేదు. తర్వాత ఆ ఖాళీ గడిలో, నిదానంగా, ఎనభై అయిదు అని రాశాడు. ఈసారి అంకె సరైనదే.